నలభై పెట్టెల తప్పు

పోయిన వారం చెల్లెల్ని ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుందిగా! ఆరేళ్ళ తర్వాత అన్నయ్య షాపు ముందు బస్సు దిగి, చేతిలో పత్రిక నలిగిపోతుంటే, సగానికి దించి ఉన్న షట్టరు కేసి చూస్తూ నిలబడిపోయింది. మధ్యాహ్నం మూడైంది. ఆ వేళప్పుడు ఆ షట్టరు దించి ఉండగా ఆమె ఎన్నడూ చూడలేదు.

కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అన్నయ్య పాత కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఇక లాభం లేదని అందరూ చేతులెత్తేసిన పెట్టెలో కూడా ఏదో ఒక లినక్స్ ఎక్కించి లేపి కూర్చోబెడతాడు కనక, వీధి వీధంతా ఆయన్ని డబ్బాల డాక్టరు అంటుంది. చెల్లెలు అక్కడికి రెండు గంటల ప్రయాణం దూరంలో ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబు చూస్తుంది. ఇద్దరి పిచ్చీ ఒకటే, దారులే వేరు. కంప్యూటర్ని నడిపించే ఈ లినక్స్ ఒక్కటే అయినా దాన్ని తీసుకుని ఎవరికి నచ్చినట్టు వాళ్ళు మలుచుకున్న రకాలు వందలున్నాయి. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అన్నయ్యది డెబియన్. ఏ కొత్త మార్పునైనా ఏడాదో రెండేళ్ళో పరీక్షించి గానీ గుమ్మం దాటనివ్వని రకం. చెల్లెలిది ఆర్చ్. ఎక్కడ ఏ మార్పు వచ్చినా అదే వారం తలుపు తీసేసే రకం. ఈ ఇద్దరి కొట్లాటనీ ఒక వారపత్రిక 'అన్నాచెల్లెళ్ళ పేచీ' అన్న పేరుతో తొమ్మిదేళ్ళుగా వేస్తోంది. సగం పేజీ ఆయనది, సగం పేజీ ఆమెది.

"ఊరెళ్ళేటప్పుడు చూడాలి మనిషి సంగతి" అని ఒకసారి అన్నయ్య ఈ రకాలనీ, వాటి చుట్టాలనీ మనుషుల్ని చేసి రాశాడు. "డెబియన్ తాళం వేసి, మూడుసార్లు లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి నాలుగోసారి లాగుతాడు. ఉబుంటు తాళంచెవి పక్కింటివాళ్ళ చేతిలో పెట్టి హాయిగా వెళ్ళిపోతాడు. మింట్ ఇంట్లో అమ్మమ్మ ఉంటుంది కాబట్టి తాళంతో పనేలేదు. ఫెడోరా ఆరునెలలకోసారి తాళం మారుస్తాడు. ప్రతిదీ సొంతంగా తయారుచేసుకునే జెంటూ తాళాన్ని ఇంకా పోతపోస్తూనే ఉన్నాడు, అక్కడ రైలు వెళ్ళిపోయింది. ఓపెన్‌బీఎస్‌డీ లోపల్నించి గడియ పెట్టుకుని కూర్చున్నాడు, అతను అసలు ఊరే వెళ్ళడు. ఇక మా చెల్లెలి ఆర్చ్ సంగతంటారా? ఆవిడ వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఇప్పుడు ఇంటి తలుపు ఎటుపోయిందా అని వెతుకుతోంది."

దానికి చెల్లెలి జవాబు రెండే ముక్కలు. "మా అన్నయ్య తాళం లాగుతూనే ఉన్నాడండీ. ఆయన ఎక్కాల్సిన రైలుకి పట్టాలు పీకేసి రెండేళ్ళయింది."

పాఠకులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవారు. మీలాంటి అన్నాచెల్లెళ్ళు ఇంటికో జత ఉంటే ఎంత బావుండునని ఉత్తరాలు రాసేవారు. ఆ ఇద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవని మాత్రం ఎవరికీ తెలియదు.

ఆరేళ్ళ కిందట, చివరి సంవత్సరం పిల్లల ప్రాక్టికల్ పరీక్ష రోజు పొద్దున, ల్యాబులో, ముందురోజు సాయంత్రం చెల్లెలు కొత్త మార్పులు ఎక్కించిన నలభై కంప్యూటర్లలో ఒక్కటంటే ఒక్కటి లేవలేదు. ఆమె ఫోను చేస్తే అన్నయ్య కారు మాట్లాడుకుని పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు ప్రిన్సిపాల్ ముందు, పిల్లలందరి ముందు, "దీని దూకుడు ఏదో ఒకరోజు ఇంత పనీ చేస్తుందని నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నాను" అన్నాడు. పరీక్ష మూడు వారాలు వెనక్కి పోయింది. ఆ మూడు వారాల్లో ఇద్దరు పిల్లలకి చేతికొచ్చిన ఉద్యోగాలు జారిపోయాయి. చెల్లెల్ని రెండేళ్ళపాటు స్టోర్‌రూములో పాత కుర్చీల మధ్య కూర్చోబెట్టారు. "ఇక నీ గడప తొక్కితే ఒట్టు" అని ఆ రోజు ఆమె అన్నదే ఆఖరి మాట. పేచీ శీర్షిక మాత్రం ఆగలేదు. ముందు ఆపినవాళ్ళు ఓడినట్టని ఇద్దరికీ పంతం.

నాలుగు నెలలుగా అన్నయ్య రాతలో ఏదో తేడా. ఎప్పుడూ నట్లూ బోల్టులూ తప్ప మరొకటి తెలియని మనిషి, ఉన్నట్టుండి ఉబుంటుని కొన్న చొక్కాతోనూ, జెంటూని కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కాతోనూ పోల్చడం మొదలుపెట్టాడు. బొత్తాం ఊడితే స్టేప్లర్ కొట్టుకునే మనిషి ఆయన! సరే, వయసు మీదపడి మారాడేమో అనుకుంది. కానీ మొన్న గురువారం వచ్చిన ముక్క చివర ఒక వాక్యం ఉంది.

"నలభై పెట్టెల తప్పు నీది కాదు."

పాఠకులకి అది అర్థంకాని ముక్క. చెల్లెలికి మాత్రం గుండెలో సూదిలా దిగింది. అన్నయ్య తొమ్మిదేళ్ళలో ఒక్క వాక్యం కూడా వెనక్కి తీసుకోలేదు. కాబట్టి ఇది ఆయన రాసింది కాదు. ఎవరో ఆయన పేరుతో రాస్తున్నారు, పైగా తన పాత గాయం సంగతి తెలిసి, నలుగురిలో గిల్లుతున్నారు. అదెవరో నిలదీసి అడగాలని ఇవాళ ఒంటిగంట బస్సెక్కింది.

షట్టరు వెనకనుంచి కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది.

"ఎవరది? వంగి రండి" అంది లోపలి గొంతు. వదినది.

చెల్లెలు వంగింది. మొదట కాళ్ళు కనిపించాయి, తర్వాత పాదం కింద ఊగుతున్న మిషను పలక, ఆ తర్వాత మెడలో కొలతల టేపుతో వదిన. మిషను ఆగిపోయింది.

"నువ్వా అమ్మాయ్!" అని వదిన లేచింది. "జాగ్రత్త, తల తగులుతుంది. ఇంకాస్త ఎత్తాలంటే నావల్ల కాదు. ఎప్పుడూ ఆయనే ఎత్తేవాడు."

ఎత్తేవాడు. ఆ మాట దగ్గర చెల్లెలి కాలు ఆగింది. అయినా తెచ్చుకున్న కోపాన్ని జారిపోనివ్వకూడదని గట్టిగా పట్టుకుని లోపలికి వచ్చింది.

షాపు సగం షాపులానే ఉంది. గోడకి అలమరల్లో మూతలు విప్పిన పెట్టెలు, సీసాల్లో సైజులవారీగా మరలు, నల్లబడ్డ సోల్డరింగ్ కడ్డీ. మిగతా సగంలో అన్నయ్య పొడుగాటి బల్లమీద మదర్‌బోర్డుల పక్కనే కత్తిరించిన జాకెట్టు ముక్కలు, సుద్దముక్క, రంగురంగుల దారపు కండెలు. ఎప్పుడూ షాపు వెనక ఇంట్లో కిటికీ దగ్గర ఉండే మిషను ఇక్కడికి ఎందుకొచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. అడగలేదు కూడా. పత్రికని బల్లమీద పరిచి ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇది ఎవరు రాస్తున్నారు వదినా?"

వదిన పత్రిక వైపు చూడలేదు. "కూర్చో. ముందు మంచినీళ్ళు తాగు."

"నేను నీళ్ళు తాగడానికి రాలేదు. అన్నయ్య రాత నాకు తెలీదా? నాలుగు నెలల్నించీ చూస్తున్నాను. చొక్కాల ఖాజాలట, జాకెట్ల లైనింగులట! ఎవర్ని పెట్టి రాయిస్తున్నాడు? రాయడానికి బద్ధకమైతే మానేయమను. నా మీద ఇలా ఊరూ పేరూ లేనివాళ్ళ చేత..."

"నేనే" అంది వదిన.

"ఏమిటి నువ్వే?"

"ఆ ఖాజాలూ, ఆ లైనింగులూ నేనే. పదహారు వారాలు నేనే రాశాను. ఆయన రోజూ పొద్దస్తమానం వాగుతుంటే పక్కన కూర్చుని బొత్తాలు కుట్టుకుంటూ వింటూనే ఉన్నాను కదా ముప్పై ఏళ్ళు. డెబియన్ అంటే ఏమిటో నాకూ కొంత వొంటపట్టింది. అంత బావోలేదు కదూ?"

ఆ రాతల్లో ఒకటి, చొక్కాల ముక్క, నిజానికి చెల్లెలికి భలే నచ్చింది. దానికి జవాబు రాయడానికి రెండు రోజులు తల పట్టుకుంది.

"అన్నయ్యేడీ?" అంది.

"లోపల. నిద్రపోతున్నాడు." వదిన మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. "నాలుగు నెలలు దాటింది. ఒకరోజు పొద్దున ఈ బల్ల దగ్గరే. చేతిలో స్క్రూడ్రైవర్ జారిపోయింది. వంగి తియ్యబోయి అలాగే పక్కకి ఒరిగిపోయాడు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. కుడిచెయ్యి పోయింది. కాలు కాస్త నయం, పట్టుకుంటే నడుస్తాడు. మాట పోయింది. లోపల అన్నీ ఉన్నాయంట, బయటికి రావంట. ఒక్క మాటే మిగిలింది. 'అదే'. నీళ్ళు కావాలన్నా అదే, నెప్పన్నా అదే, నామీద కోపమొచ్చినా అదే."

"నాలుగు నెలలు!" అంది చెల్లెలు. "నాలుగు నెలలు నాకు చెప్పలేదా వదినా? నేనేమన్నా పరాయిదాన్నా? తోడబుట్టినదాన్ని!"

"తోడబుట్టినదానివే. ఆరేళ్ళలో ఒక్కసారి ఫోను చేశావా?"

చెల్లెలు పత్రికని మడిచి పక్కకి తోసింది.

"దెప్పాలని కాదు" అంది వదిన, చేతిలోని సుద్దముక్కని అటూ ఇటూ తిప్పుతూ. "ఆయనా చెయ్యలేదు. నీకు ఎందుకు చెప్పలేదో విను. ఆస్పత్రినుంచి వచ్చాక ఆయన పదిరోజులు గోడకేసి తిరిగి పడుకున్నాడు. ముద్ద పెడితే ముద్ద, లేకపోతే లేదు. గురువారం పేపరొచ్చింది. ఏం తోచక నీ సగం పేజీ చదివి వినిపించాను. పడిపోకముందే ఆయన రాసి ఇచ్చేసిన ఆఖరి ముక్కకి నువ్విచ్చిన జవాబు. డెబియన్ వాడు పెళ్ళిచూపులకి వెళ్ళి, పిల్ల బావుందిగానీ ఇంకో రెండేళ్ళు పరీక్షించి చెప్తానన్నాడని రాశావు చూడు, అది. నవ్వాడమ్మాయ్. మూతి ఒక పక్కే కదిలింది గానీ నవ్వాడు. ఆ పూట తనంతట తను లేచి కూర్చున్నాడు."

వదిన సుద్దముక్కని బల్లమీద పెట్టింది.

"నీకు చెప్తే ఏం చేస్తావు? పరుగెత్తుకొస్తావు. ఏడుస్తావు. జాలిపడతావు. జాలిపడ్డ మనిషి పోట్లాడదు. నువ్వు పోట్లాట మానేస్తే ఆయనకి వారంలో ఆ ఒక్క నవ్వూ ఉండదు. నువ్వు పోట్లాడాలంటే ఇటునుంచి ఎవరో ఒకరు నిన్ను కెలకాలిగా? అందుకని రాశాను."

చెల్లెలు కుర్చీ కోసం చూడకుండా అట్టపెట్టెల కట్ట మీదే కూలబడింది. ఆ నాలుగు నెలల్లో తను రాసిన పదహారు జవాబులూ గుర్తొచ్చాయి. ఒకదాంట్లో, పెద్దాయనకి ఈమధ్య నోరు పెగలడం లేదు అని కూడా రాసింది. సరదాకి.

"అది కూడా చదివి వినిపించావా?"

"చదివాను. దానికే ఎక్కువ నవ్వాడు."

లోపల మంచం కిర్రుమంది. "అదే" అన్న మాట వినిపించింది. గొంతు అన్నయ్యదే. బరువుగా, తడిగా ఉంది.

అన్నయ్య మంచం అంచున కూర్చుని ఉన్నాడు. సగం మనిషయ్యాడు. చొక్కా బొత్తాలన్నీ వరసగా పెట్టి ఉన్నాయి, అది ఆయన పెట్టుకున్నది కాదు. కుడిచెయ్యి ఒళ్ళో ఎవరిదో వస్తువులా పడి ఉంది. గుమ్మంలో చెల్లెల్ని చూసి ముందు కళ్ళు చికిలించాడు. తర్వాత ఎడమచెయ్యి పైకి లేచి, మొహం మీద వాలిపోయింది. ఆ చేతి వెనకనుంచి "అదే... అదే... అదే..." అంటూ ఉన్నాడు.

చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడ్డ వదిన మొహం చూసింది. జాలిపడ్డ మనిషి పోట్లాడదు. ఆమె ఏడుపుని దిగమింగి, మంచం ఎదురుగా నేలమీద చతికిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంటన్నయ్యా, నువ్వు కూడా డెబియన్‌లా తయారయ్యావు? ఒకే మాట పట్టుకుని కూర్చున్నావంట? రెండేళ్ళదాకా కొత్తమాట విడుదల చెయ్యవా?"

అన్నయ్య చెయ్యి తీశాడు. తడికళ్ళతో ఆమెని చూశాడు. మూతి ఎడమపక్క మెల్లగా, మెల్లగా పైకి లేచింది.

"అదే!" అన్నాడు గద్దించినట్టు.

"ఏం అదే? మా ఆర్చ్‌లో అయితే ఈపాటికి వారానికి పది మాటలొచ్చేవి. అందులో ఆరు పనిచేసేవి కావనుకో."

"అదే! అదే! అదే!" ఎడమచేత్తో మంచం మీద దబదబా కొట్టాడు. పోట్లాట! వెనకటి పోట్లాటే! ముగ్గురూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే చెల్లెలు ఆయన మోకాళ్ళ మీద తల ఆనించేసింది, ఇక భుజాలు ఆగలేదు. అన్నయ్య ఎడమచెయ్యి ఆమె తలమీద ఆగి ఆగి కదిలింది.

ఆమె మొహం తుడుచుకుని వదిన వైపు తిరిగింది. "అన్నీ నువ్వు రాశావు, సరే. ఈ నలభై పెట్టెల మాట నీకెందుకు వదినా? నన్ను ఊరడించడానికా? ఆ తప్పు నాదే. ఆరేళ్ళుగా మోస్తున్నాను, ఇంకా మోస్తాను."

"ఆ ఒక్క వాక్యం నాది కాదు" అంది వదిన. "మిగిలిందంతా నాది. అది ఆయనది."

"రాయలేడన్నావుగా!"

వదిన అలమరలోంచి మూడు పుస్తకాలు దింపింది. తొమ్మిదేళ్ళ పేచీలూ కత్తిరించి, అట్టలమీద అంటించి, లావుపాటి దారంతో అంచులు కుట్టిన పుస్తకాలు. "రాయలేడు. కానీ అచ్చులో ఉన్న మాట కంటపడితే గుర్తుపడతాడు. పేజీలు తిప్పుతాడు, తిప్పుతాడు. కావలసిన మాట దొరికితే వేలు పెడతాడు. నేను చదువుతాను. కాదంటే తల అడ్డంగా తిప్పుతాడు. ఆ ఒక్క వాక్యానికి పంతొమ్మిది రోజులు పట్టింది. తప్పు అన్న మాట నీ సగంలో దొరికింది. నీది అన్నది ఆయన సగంలో. నలభై కోసమే తొమ్మిదిరోజులు వెతికాడు. అంతా కలిపి కాగితం మీద రాసి చూపిస్తే, ముక్క చివర పెట్టమని వేలితో చూపించాడు. దాని అర్థమేంటో నేనూ అడిగాను. అదే అన్నాడు."

చెల్లెలు అన్నయ్య మొహంలోకి చూసింది. పంతొమ్మిది రోజులు. తొమ్మిదేళ్ళలో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోని మనిషి.

"నా తప్పు కాకపోతే మరెవరిదన్నయ్యా?" అంది నెమ్మదిగా.

ఆయన నవ్వు ఆరిపోయింది. రెండో పుస్తకం ఒళ్ళోకి లాక్కున్నాడు. ఎడమ బొటనవేలితో పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. గోడ గడియారంలో మూడున్నర దాటింది. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది. ఒకచోట వేలు ఆగింది.

"ముందురోజు" అని చదివింది చెల్లెలు.

ఆయన తల ఊపాడు. మరో పది పేజీలు. 'నేను'. అది తేలిగ్గానే దొరికింది. మూడోమాట కోసం మొదటి పుస్తకానికి వెళ్ళాడు. 'వచ్చాను'.

"ముందురోజు నువ్వొచ్చావా? ఎక్కడికి, ల్యాబుకా? ముందురోజు ఆదివారం కదా. తాళం వేసుంటుంది." అంటూనే ఆమెకి తట్టింది. నెలకోసారి ఆ పెట్టెలు బాగుచెయ్యడానికి వచ్చే మనిషిని వాచ్‌మన్ ఎందుకు ఆపుతాడు? ల్యాబు పాస్‌వర్డ్ ఆయనకీ తెలుసు. "వచ్చి ఏం చేశావు?"

ఇక పేజీలు ఆగకుండా తిరిగాయి. వేలు చివరికి తాళాల ముక్క పక్కనే ఉన్న ఓ పాత ముక్కలో ఒక మాట మీద వాలింది. 'గొళ్ళెం'.

చెల్లెలికి ఇంకో మాట అక్కర్లేకపోయింది. పరీక్ష ముందు ఏ కొత్త మార్పూ లోపలికి రాకుండా ఆయన ముఖ్యమైన భాగాలకి గొళ్ళెం పెట్టి వెళ్ళాడు. చెల్లెలి ల్యాబుకి ఏమీ కాకూడదని. డెబియన్‌లో అది రోజూ చేసే పనే. అది తెలియని చెల్లెలు ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని, ఎప్పట్లాగే, నలభై పెట్టెలకీ కొత్త మార్పులు పంపింది. గొళ్ళెం పెట్టినవి పాతగా ఉండిపోయాయి, మిగిలినవి కొత్తవయ్యాయి. సగం పాత, సగం కొత్త. ఆర్చ్‌కి అది సరిపడదు. పొద్దునకి నలభైలో ఒక్కటీ లేవలేదు. ఎందుకిలా అయిందో చూద్దామన్నా వ్యవధి లేకపోయింది. ప్రిన్సిపాల్ ఆ సాయంత్రానికే పెట్టెలన్నీ తుడిపించేసి వేరేవాళ్ళ చేత వేరే సిస్టమ్ ఎక్కించాడు.

"ఆ రోజు అందరి ముందూ నన్నన్నప్పుడు నీకు తెలుసా?" అంది, మాటలు పళ్ళ మధ్యనుంచి వస్తుంటే.

ఆయన గట్టిగా, మళ్ళీ మళ్ళీ తల అడ్డంగా తిప్పాడు. పుస్తకం తెరిచి ఒక పేజీ మీద అరచెయ్యి మొత్తం పరిచాడు. అయిదేళ్ళ కిందటి చెల్లెలి ముక్క అది. "సగం కొత్తది, సగం పాతది పెడితే ఆర్చ్ మంచం పడుతుంది. పెడితే పూర్తిగా పెట్టు, లేదంటే ముట్టుకోకు" అని తను నవ్వులాటకి రాసింది. అది చదివిన రోజు ఆయనకి తెలిసిందన్నమాట.

అయిదేళ్ళు! చెప్పగలిగినన్నాళ్ళు చెప్పలేదు. చెబుదామనుకునేసరికి మాటలు పోయాయి.

చెల్లెలు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. స్టోర్‌రూములో గడిపిన రెండేళ్ళు కళ్ళముందు తిరిగాయి. ఉద్యోగం పోయిన ఆ ఇద్దరు పిల్లల్లో ఒకమ్మాయి తల్లి గేటు దగ్గర నిలబడి తనని చూసిన చూపు తిరిగింది. పెద్దగా అరవాలనిపించింది. వెనక్కి తిరిగితే, ఒళ్ళో పడి ఉన్న చెయ్యి, వరసగా పెట్టిన బొత్తాలు, నేలకి వాలిన తల. తిరిగి ఒక్క మాట అనలేని మనిషిని ఏమని తిట్టడం?

"నామీద అంత నమ్మకం లేకపోయిందా అన్నయ్యా? చెప్పి పెట్టొచ్చుగా ఆ గొళ్ళెమేదో" అని మాత్రం అంది.

"అదే" అన్నాడాయన. వినపడీ వినపడకుండా.

తర్వాత మళ్ళీ పుస్తకం తెరిచాడు. ఈసారి వెతుకులాట లేదు, ఆ పేజీ ఎక్కడుందో ముందే చూసిపెట్టుకున్నట్టున్నాడు. వేలు పెట్టి, చెల్లెల్ని కళ్ళతో పిలిచాడు.

'రాయి.'

"ఏం రాయను?"

ఆయన వేలు 'నేను' మీదికి, 'గొళ్ళెం' మీదికి వెళ్ళి, మళ్ళీ 'రాయి' దగ్గరికి వచ్చి, మంచం మీదున్న మొన్నటి పత్రికలో తన సగం పేజీ మీద టపటపా కొట్టింది.

"వద్దు!" వదిన అరిచినంత పని చేసింది. ముందుకొచ్చి ఆ పుస్తకం మీద తన రెండు చేతులూ కప్పేసింది. "వద్దు అమ్మాయ్. నీకు తెలిసింది, చాలు. కాళ్ళమీద పడమంటే పడతాను. ఆయన ఎవరికీ చెప్పకుండా వెళ్ళి నలభై పెట్టెలు పాడుచేశాడని అచ్చులో వస్తే ఈ షాపు మెట్టు ఇంకెవరెక్కుతారు? ఇప్పటికీ జనం డాక్టరుగారి చెయ్యి పడాలని తెచ్చి ఇస్తున్నారు. ఆయన వేలితో చూపిస్తే నేను మరలు విప్పుతున్నాను. ఆ పేరొక్కటే మిగిలింది ఆయనకి. దాన్ని కూడా తుడిచేస్తావా?"

"అదే!" అన్నయ్య భార్య చేతుల్ని ఎడమచేత్తో తోసేశాడు. ఆవిడ మళ్ళీ కప్పింది. ఆయన మళ్ళీ తోశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ ఇద్దరూ అలా పెనుగులాడడం చెల్లెలు ఎన్నడూ చూడలేదు. ఒకరు ఏడుస్తున్నారు, ఒకరికి ఏడుపు కూడా సగం మొహంలోనే వస్తోంది.

ముందు గదిలో మిషను మీద వదిన ఫోను మోగింది.

వదిన చేతులు ఆగిపోయాయి. "ఎడిటరబ్బాయి" అంది కళ్ళు తుడుచుకోకుండానే. "అయిదింటికల్లా ఆయన ముక్క పంపాలి. నేనింకా ఏమీ రాయలేదు. పనిలో ఉన్నాడు, రేపిస్తాడని చెప్పు అమ్మాయ్. లేదంటే నేనే చెప్తాను, జరుగు."

అన్నయ్య చెయ్యి చెల్లెలి చీర కొంగు పట్టుకుంది. లాగలేదు. ఊరికే పట్టుకుంది.

ఫోను మోగుతూనే ఉంది. చెల్లెలు ఆ వేళ్ళని మెల్లగా విడిపించుకుని, మిషను దగ్గరికి నడిచి, ఫోను తీసింది.

"హలో, వదినగారూ, అన్నయ్యగారి ముక్క తయారైందాండీ?" అన్నాడు సబ్ ఎడిటర్ హుషారుగా. "పోయినవారం పెద్దాయన ఓటమి ఒప్పుకున్నాడని బోలెడు ఉత్తరాలు! ఆ నలభై పెట్టెల కథేమిటని ఒకటే అడుగుతున్నారు."

చెల్లెలు లోపలి గదికేసి చూసింది. వదిన పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది. అన్నయ్య కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"తయారైంది" అంది చెల్లెలు. "కాగితం తీసుకోండి. నేను చెప్తాను, మీరు రాసుకోండి."